అన్నప్రాశన చాప మీద సబ్బేది?

బాబుకు ఆరో నెల వచ్చింది. ముహూర్తం పెట్టారు. మేనమామ కొత్త బట్టలు తెచ్చాడు. వెండి గిన్నెలో పాయసం సిద్ధమైంది. పాయసంలో ముంచి నాకించడానికి బంగారు ఉంగరం కావాలన్నారు పంతులుగారు. తాతగారు వెంటనే తన వేలి ఉంగరం తీసిచ్చారు. ఆ ఉంగరం పెళ్లినాటి నుంచి ఆ వేలినే అంటిపెట్టుకుని ఉంది. పొలానికీ పేకాటకీ, బస్సు రాడ్డుకీ బాత్రూం చెంబుకీ ఆయన వెంటే తిరిగింది. ఇన్నేళ్లలో అది వేలు దిగడం ఇదే మొదలు. దిగి నేరుగా పాయసంలోకి వెళ్లింది.

తర్వాతి ఘట్టం ఇంకా రసవత్తరం. పిల్లవాణ్ణి చాప మీద బోర్లా వేసి ఎదురుగా పుస్తకం, పెన్ను, బంగారం, డబ్బు, పూలు, కత్తి పెడతారు. వాడు దేన్ని పట్టుకుంటే వాడి భవిష్యత్తు అదే. ఈ మధ్య తల్లిదండ్రులకు ముందుచూపు పెరిగింది కనుక కత్తి పోయి స్టెతస్కోపు వచ్చింది, పుస్తకం పక్కన ల్యాప్‌టాప్ చేరింది. వాడు ఖర్మకాలి పూల వైపు పాకితే బాబాయి కాళ్లు పట్టి దిశ సరిచేస్తాడు. వీడియో సరిగ్గా రాలేదు, మళ్లీ పాకించమంటాడు కెమెరా అబ్బాయి. ఈలోగా బస్సు దిగినవాళ్లు దిగినట్టే, బండి ఆపినవాళ్లు ఆపినట్టే వచ్చి, బుగ్గలు పుణికి, తలా ఓ వేలితో తలా ఓ చుక్క పాయసం వాడి నోట్లో పెట్టి దీవిస్తారు. నిండు నూరేళ్లు వర్ధిల్లమని.

వారం తిరక్కుండా వాడికి విరేచనాలు. కారణాలకు మన ఇళ్లలో కొదవా? పళ్లొస్తున్నాయి. వాళ్లమ్మ మొన్న వంకాయ తింది. ఆ నల్లచీరావిడ కళ్లు మంచివి కావు. చివరికి దిష్టే ఖాయమని తేల్చి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తారు. దిష్టి తీసినావిడ మాత్రం కాళ్లూ చేతులూ శుభ్రంగా కడుక్కున్నాకే గడప దాటి లోపలికి వస్తుంది. కంటికి కనిపించని దిష్టంటే మనకు అంత భయం, అంత మర్యాద. కంటికి కనిపించని క్రిమికి మాత్రం ఆ గౌరవం ఇంకా దక్కలేదు.

ఇంత తతంగమూ వాడేమవుతాడో తెలుసుకోవడానికే కదా! అది తెలుసుకోవడానికి కరాచీలో వేరే పద్ధతి పట్టారు. 2002లో అక్కడి మురికివాడల్లో స్టీఫెన్ లూబీ అనే వైద్యుడి బృందం 36 బస్తీలను ఎంచుకుంది. కొన్నిట్లో ఇంటింటికీ సబ్బులిచ్చి, వారంవారం కార్యకర్తల్ని పంపి, ఎప్పుడు ఎలా చేతులు కడగాలో ఏడాది పాటు విసుగు లేకుండా చెప్పించింది. మిగిలిన బస్తీలను పోల్చి చూసుకోవడానికి వదిలేసింది. సబ్బు వాడిన ఇళ్లలో 15 ఏళ్లలోపు పిల్లల్లో విరేచనాలు 53 శాతం తగ్గాయి, ఐదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా సగానికి సగం తగ్గింది. పసివాళ్లను పొట్టన పెట్టుకునే అంటురోగాల్లో ముందు వరుసలో ఉన్నవి ఈ రెండే. లెక్కలన్నీ 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఇందులో ఇంకో తమాషా ఉంది. క్రిముల్ని చంపేస్తానని డబ్బా కొట్టుకునే సబ్బు కొన్ని ఇళ్లకూ, మామూలు సబ్బు కొన్ని ఇళ్లకూ ఇచ్చి చూస్తే రెండింటి ఫలితమూ ఒక్కటే. ఈ పరిశోధనకు డబ్బు పెట్టింది సబ్బు కంపెనీయే. పాపం.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. కరాచీలోనే చేసిన మరో సబ్బు ప్రయోగంలో, తొలి 30 నెలల వయసులో సబ్బు ఎరిగిన పిల్లల్నీ ఎరగని పిల్లల్నీ ఐదు నుంచి ఏడేళ్ల మధ్య మళ్లీ వెతికి పట్టుకుని పరీక్షలు పెట్టారు. మాట, నడక, చేతిపని, ఆలోచన అన్నీ చూసి ఎదుగుదల మార్కులు వేశారు. సబ్బు ఇళ్ల పిల్లలకు సగటున ఆరు పాయింట్లు ఎక్కువ వచ్చాయి. 2012లో అన్నా బోవెన్ బృందం దీన్ని ప్రకటించింది. ఎత్తులో, బరువులో తేడా లేదు. తేడా అంతా ఎదుగుదల మార్కుల్లోనే. ఆలోచిస్తే వింతేమీ కాదు. పసితనంలో ఒంటికి అందే శక్తిలో సగం దాకా మెదడే వాడుకుంటుంది. నెలలో పది రోజులు కడుపు జారి, నీరసంగా భుజాన వాలిపోయే పిల్ల ఎవరితో ఆడుతుంది, ఎవరి మాట వింటుంది, ఏ గోడ పట్టుకుని నడక నేరుస్తుంది?

ఆరు పాయింట్లు! అదీ పది రూపాయల సబ్బుతో! ఈ సంగతి మన కార్పొరేట్ విద్యాసంస్థల చెవిన పడకపోవడం మన అదృష్టం. ఆరో తరగతి పిల్లవాడికి ఐఐటీ ఫౌండేషన్ అని, ఎల్‌కేజీ పిల్లకు ఒలింపియాడ్ అని, కళ్లకు గంతలు కట్టి మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని వేలకు వేలు గుంజిన మేధావులు ఉన్న నేల ఇది. వాళ్లకు తెలిసుంటే ఈపాటికి ప్రతి కూడలిలో ఫ్లెక్సీ లేచేది. ‘మా నురగ, మీ ర్యాంకు.’ మామూలు బ్యాచ్‌కు సబ్బు బిళ్ల, స్టార్ బ్యాచ్‌కు ఏసీ గదిలో లిక్విడ్. ఫలితాల రోజున టీవీలో ఒకటీ ఒకటీ ఒకటీ రెండూ రెండూ అని గుక్క తిప్పుకోకుండా అరిచే గొంతు సబ్బు నంబర్లు కూడా చదివేది. అప్పుడు మాత్రం నాన్నలు అప్పు చేసైనా చేతులు కడిగించేవారు. చవగ్గా దొరకడమే సబ్బు చేసుకున్న పాపం. బుర్ర పెరుగుతుందని డబ్బా పొడి కలిపి తాగిస్తాం, సరస్వతీ లేహ్యం నాకిస్తాం, బాసర తీసుకెళ్లి బియ్యంలో ఓనమాలు దిద్దిస్తాం. దిద్దిన వేలు తిన్నగా నోట్లోకి పోతున్నా ముచ్చటపడి ఫొటో తీస్తాం.

‘మేం చేతులు కడుక్కోమా, ఏం మాటలండీ!’ అని ఎవరికైనా రోషం వస్తే రావచ్చు. కడుక్కుంటాం. తిన్నాక కడుక్కుంటాం. మన శుభ్రతంతా తిన్నాకే. ఏ ఫంక్షన్ హాల్లోనైనా చూడండి. పంక్తి లేవగానే వాష్‌బేసిన్ దగ్గర తోపులాట. రెండు సార్లు లిక్విడ్ నొక్కి, మోచేతి దాకా రుద్ది, వేళ్లు వాసన చూసుకుని, పులుసు వాసన పోలేదని మళ్లీ నొక్కి రుద్దేవాళ్లుంటారు. హోటల్లో అయితే గోరువెచ్చని నీళ్లలో నిమ్మచెక్క వేసిన గిన్నె టేబుల్ దగ్గరికే వస్తుంది, అదీ బిల్లుతో పాటు. మరి తినబోయే ముందో? మునివేళ్లు తడిపి విదిలిస్తాం. ఇంకాస్త నిష్ఠ ఉన్నవాళ్లు విస్తరి చుట్టూ నీళ్లు తిప్పుతారు. అంటే మన చేతికి అన్నం అంటితే ఓర్చుకోలేం కానీ అన్నానికి మన చెయ్యి అంటితే ఇబ్బంది లేదు. చెయ్యి మనది, కడుపు పిల్లలది.

దీనికి సర్కారు వారి లెక్క కూడా ఉంది. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటామని చెప్పిన కుటుంబాలు దేశం మొత్తం మీద 35.8 శాతం. పల్లెల్లో అయితే 25.3. గమనించాలి, ఇది ‘కడుక్కుంటారా’ అని అడిగితే వచ్చిన లెక్క. అడిగితే మనం కాస్త పెంచే చెబుతాం. వాకిట్లో కూర్చుని చూస్తే ఎంత తేలుతుందో కాసేపట్లో చెబుతాను, అదీ మన చిత్తూరు జిల్లా లెక్కే.

అలాగని శుద్ధి, మైల అనేవి మనకు తెలియనివేమీ కావు. ఎవరు తాకితే మడి చెడుతుందో, ఎవరి గ్లాసు వేరే పెట్టాలో, ఎవరి నీడ పడితే తలస్నానం చెయ్యాలో తరతరాలుగా నోటికొచ్చిన పట్టిక ఉంది. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ కులం అడిగి, పిల్లల్ని బడి అన్నం తిననివ్వని పెద్దమనుషుల గురించి ఎన్నిసార్లు వార్తల్లో చదవలేదు? ఆవిడ పుట్టుక ఆరా తీసినవాళ్లలో ఒక్కడైనా, ఆ వంటగదిలో ఆవిడకు నీళ్ల కుళాయి ఉందా, సబ్బు ముక్క ఉందా అని అడిగాడా? చేతికి అంటిన మురికి నీళ్లతో పోతుంది. వీళ్లు వెతికే మురికి వేరు.

ఇక ప్రభుత్వ ఉత్సవం సంగతి. 2008 నుంచి ఏటా అక్టోబరు 15 ప్రపంచ చేతుల శుభ్రత దినం. ఆ రోజు బడికి కళ వస్తుంది. గేటుకు ఫ్లెక్సీ కడతారు. అందులో మంత్రిగారి బొమ్మ పెద్దది, ఎమ్మెల్యేగారిది మధ్యస్థం, చేతులు కడుక్కుంటున్న పిల్లది తపాలా బిళ్లంత. వరండాలో బల్ల వేసి, నాలుగు కొత్త ప్లాస్టిక్ టబ్బులు పెట్టి, డ్రమ్ముతో నీళ్లు తెప్పిస్తారు. కుళాయిలు ఉన్నాయి కానీ మోటారు కాలి దసరా నుంచి మూలన పడుంది. ఇస్త్రీ యూనిఫాం వేసుకొచ్చిన ఆరుగురు పిల్లల్ని ముందుకు పిలుస్తారు. మిగతావాళ్లు ఎండలో కూర్చుని చప్పట్లు కొడతారు.

ఆ ఆరుగురికీ ఆరు మెట్ల విద్య నేర్పుతారు. దాని పేరు సుమన్-కె. సీధా, ఉల్టా, ముట్ఠీ, అంగూఠా, నాఖూన్, కలాయీ. తెలుగు పల్లెటూరి రెండో తరగతి పిల్లకు చెయ్యి కడగడం గుర్తుండాలంటే ముందు హిందీ రావాలని ఢిల్లీలో ఎవరికో తోచింది. మన పిల్లలకు సుమన్ అంటే అన్నమయ్య సినిమాలో వెంకటేశ్వరస్వామి. స్వామి వచ్చి చేతులెందుకు కడగమంటున్నాడో అర్థం కాక అయోమయంగా అరచేతులు తిప్పుతుంటారు. ‘ఆగు, ఆగు, అలాగే నురగ పెట్టుకుని ఉండు’ అంటూ ఫొటో తీస్తారు. యాప్‌లో ఎక్కలేదు, సిగ్నల్ లేదు, మళ్లీ తీస్తారు. పిల్ల చేతుల మీద నురగ ఎండి చారలు కడుతుంది. అతిథులు బిస్కెట్లు తిని సెలవు తీసుకుంటారు. బిస్కెట్లకు ముందు ఎవరూ టబ్బుల దగ్గరికి వెళ్లరు, అవి ప్రదర్శన కోసం పెట్టినవి.

పన్నెండున్నరకు గంట కొడతారు. అసలు చేతులు కడగవలసిన వేళ అది. ఫొటోగ్రాఫర్ అప్పటికే వెళ్లిపోయాడు. చెయ్యీ పళ్లెమూ రెండూ కడగాల్సింది డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్లలోనే. వెనక ఉన్నవాళ్లు ముందువాళ్లను తోస్తారు. సగం మంది చేతులు నిక్కరుకు తుడుచుకుని గుడ్డు కోసం వరుసలో నిలబడతారు. మరి పొద్దుటి సబ్బులేవి? హెడ్‌మాస్టరుగారి బీరువాలో. ఆయన్ని తిట్టి లాభం లేదు. బయట పెడితే రెండు రోజుల్లో మాయమవుతాయి, మళ్లీ కొనడానికి పద్దు లేదు, పై నుంచి తనిఖీ వస్తే చూపించాలి. ఏళ్లపాటు మరుగుదొడ్డి ఫొటో, గుడ్డు ఫొటో, చెప్పుల ఫొటో ఎక్కించి అలసిపోయిన మనిషి ఆయన. సబ్బు అరిగితే లెక్క చెప్పాలి, అరగకపోతే ఏ లెక్కా అక్కర్లేదు. ఏ గుమాస్తా అయినా తాళమే వేస్తాడు.

దీనికి మందు లేక కాదు. లీటరున్నర నీళ్ల సీసాలో కాస్త డిటర్జెంటు పొడి కలిపి, మూతకు చిల్లు పెట్టి కుళాయికి వేలాడదీస్తే సబ్బునీళ్లు తయారు. బంగ్లాదేశ్‌లో ఇది వాడి చూశారు. ఎవరూ ఎత్తుకుపోరు, ఖర్చూ చిల్లర డబ్బులే. పాత వలసంచిలో సబ్బు ముక్క వేసి పంపుకు కట్టినా చాలు. కానీ చిల్లు పెట్టిన సీసాను ఎవరు ఆవిష్కరిస్తారు? రిబ్బను ఎక్కడ కడతారు? శిలాఫలకం ఎక్కడ అతికిస్తారు? కరోనా రోజుల్లో ప్రతి ఆఫీసు ముందూ, ప్రతి కొట్టు ముందూ కాలితో తొక్కే కుళాయి స్టాండ్లు వెలిశాయి గుర్తుందా? వాటికి దాతల పేర్లు పెయింటుతో రాయించారు. స్టాండ్లు తుప్పు పట్టాయి, పేర్లు ఇప్పటికీ చదవొచ్చు.

చిత్తూరు లెక్క చెబుతానన్నాను. లండన్ పరిశోధకులు, బెంగళూరు ప్రకటనల నిపుణులు కలిసి ఉమ్మడి రాష్ట్రంలో చిత్తూరు జిల్లాకు వచ్చి, 14 పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. ముందు ఇళ్ల దగ్గర కూర్చుని గమనించారు. దొడ్డికి వెళ్లొచ్చాక, పిల్లల ముడ్డి కడిగాక, వండే ముందు, తినే ముందు సబ్బుతో చేతులు కడిగింది నూటికి ఒకటీ రెండు సార్లు. పల్లెల్లో అడిగితే పాతిక, చూస్తే ఒకటి. మన సత్యనిష్ఠకు ఇంతకంటే కొలబద్ద అక్కర్లేదు.

వాళ్లు చేసిన తెలివైన పని ఏమిటంటే, క్రిముల ఊసే ఎత్తలేదు. రోగాల చార్టు వేలాడదీయలేదు, డాక్టర్ని తెచ్చి భయపెట్టలేదు. సూపర్ అమ్మ అని ఒక పల్లెటూరి తల్లి పాత్రను సృష్టించారు. బిడ్డ పెద్దవాడు కావాలని కలలుగని, మర్యాదతోపాటు చేతులు కడగడమూ నేర్పే తల్లి. ఎదురుగా లడ్డూ లింగం. మురికి చేతుల్తో లడ్డూలు చుట్టి ఊరికి పంచే మహానుభావుడు. వాణ్ణి చూసి జనం ఛీ ఛీ అన్నారు, నవ్వారు, మూతులు ముడిచారు. తర్వాత ఊరందరి ముందూ మేం కడుగుతామని మాట ఇప్పించారు. ఆరు నెలలు గడిచాక మళ్లీ వెళ్లి గమనిస్తే ఆ ఊళ్లలో సబ్బు వాడకం 37 శాతానికి చేరింది. ప్రచారం జరగని ఊళ్లలో 6. ఇదంతా 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో అచ్చయింది. పిల్లవాడు చచ్చిపోతాడు అంటే కదలని మనం, నలుగురిలో నవ్వులపాలవుతావు అంటే కదిలాం. మన సంగతి మనకంటే వాళ్లకే బాగా తెలిసింది.

లడ్డూ లింగం ఊరూరా ఆడాల్సింది. ఆయన్నే ముఖ్య అతిథిగా పిలిచినట్టు, మనం మాత్రం అక్టోబరు 15 ఫ్లెక్సీలు కట్టుకుంటూ కూర్చున్నాం. వ్యాపారులు మనకంటే నయం. 2013 కుంభమేళాలో ఒక సబ్బు కంపెనీ లక్షల రొట్టెల మీద ‘లైఫ్‌బాయ్‌తో చేతులు కడుక్కున్నారా?’ అని హిందీలో ముద్ర కాల్చి భక్తులకు వడ్డించింది. లాభం కోసమే కావచ్చు, ప్రశ్న మాత్రం తినబోయే ముందే వేసింది.

సబ్బు సర్వరోగ నివారిణి అనడం లేదు నేను. బంగ్లాదేశ్, కెన్యాల్లో పెద్ద ఎత్తున చేసి 2018లో ఫలితాలు ప్రకటించిన ప్రయోగాల్లో నీరు, మరుగుదొడ్డి, చేతుల శుభ్రత అన్నీ కలిపి ఇచ్చినా పిల్లల ఎత్తులో తేడా రాలేదు. బంగ్లాదేశ్‌లో విరేచనాలు తగ్గాయి, కెన్యాలో అదీ తగ్గలేదు. బంగ్లాదేశ్‌లో కార్యకర్తలు ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లారు, కెన్యాలో అంతగా వెళ్లలేదు. ఒకసారి చెప్పి చేతులు దులుపుకుంటే నిలిచే అలవాటు కాదిది. కోళ్లు తిరిగే వాకిట్లోనే పాకే పిల్లకు అమ్మ చేతులొక్కటే శుభ్రంగా ఉంటే సరిపోదు కూడా. ఆ సంగతి ఒప్పుకుందాం. అయితే ఈ ప్రయోగాల పేరు చెప్పి ‘చూశారా, సబ్బుతో ఏమీ కాదట’ అని సంబరపడేవాళ్లుంటారే, వాళ్లకు ముందే పని చెయ్యాలని లేదు, ఇప్పుడు దానికి శాస్త్రం కూడా దొరికింది.

ఒక్క అనుమానం మాత్రం తీరడం లేదు. సూపర్ అమ్మ సరే, సూపర్ నాన్న ఏడి? నీళ్లు మోసేది అమ్మ, ముడ్డి కడిగేది అమ్మ, వండేది అమ్మ, వారంవారం వచ్చే కార్యకర్త చెప్పింది వినేది అమ్మ, బిడ్డకు విరేచనాలైతే అత్తగారితో మాటలు పడేదీ అమ్మే. నాన్న సాయంత్రం వస్తాడు. బండి హ్యాండిలూ, పెట్రోలు బంకులో ఇచ్చిన చిల్లరా, గుట్కా పొట్లమూ, రోజంతా నిమిరిన ఫోనూ తాకిన చేత్తో పెరుగన్నం ముద్ద కలిపి బుజ్జికి పెడతాడు. ఎంత ప్రేమో! ఇరుగుపొరుగు ఆడవాళ్లు కళ్లార్పకుండా చూసి, మా ఆయన ఎప్పుడైనా ఇలా పెట్టాడా అని నిట్టూరుస్తారు.

సూపర్ నాన్న పాత్రకు మన హీరోలను అడుగుదామా అంటే అదీ కష్టమే. ఆ చేతులు తొడ కొట్టడానికీ, మీసం తిప్పడానికీ, సుమోలు గాల్లోకి లేపడానికీ అలవాటు పడ్డాయి. మన సినిమాల్లో హీరో చేతులు కడుక్కోవడం లేదని కాదు, స్లో మోషన్‌లో కడుక్కుంటాడు, నేపథ్య సంగీతంతో సహా. కాకపోతే రక్తం అంటితేనే. అదే హీరోను తెరమీద అన్నం ముందు ఇరవై సెకన్లు సబ్బు రుద్దమనండి. నిర్మాత గుండె పట్టుకుంటాడు, అభిమానులు మా అన్న ఇమేజ్ ఏమైపోవాలని థియేటర్ ముందు ధర్నాకు దిగుతారు. సబ్బు కంపెనీ ప్రకటనలో అయితే ఆయనే నవ్వుతూ రుద్దుతాడనుకోండి. దానికి రేటు వేరే ఉంటుంది.